పసుపు నీళ్లలో అమ్మ గొంతు

దసరా పొద్దున మా అమ్మ తన గొంతును తానే కడిగింది. చెంబెడు నీళ్లు పోసి, పసుపు రుద్ది, పైనుంచి కాసిని పాలు కూడా పోసి, పాత చీర ముక్కతో తుడిచి ఎండలో పెట్టింది. ఆరాక కుంకుమ బొట్టు పెట్టి కత్తిపీటకూ కత్తెరకూ మధ్యన పీట మీద ఉంచింది. నేను బజారు నుంచి బంతిపూలు పట్టుకుని వచ్చేసరికి పనంతా అయిపోయింది. ఆ వరస చూసి ఎంత ముచ్చటగా సర్దిందో అనుకున్నాను కూడా. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గొంతు అని మాటవరసకు అనడం లేదు. అరచేతిలో పట్టే నల్లటి హార్డ్‌డిస్కు అది. అందులో మా అమ్మ మాటలున్నాయి. బయట ఇంకెక్కడా లేవు, ఎందుకంటే ఆమెకు ఇప్పుడు మాట లేదు. గొంతులో కాన్సరు వస్తే పట్నం దవాఖానలో కోసి తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం ఉంటుంది, ఊపిరి అందులోంచే వచ్చి పోతుంది. గాలి నోటిదాకా రాదు కాబట్టి గుసగుస కూడా రాదు. పెదాలు కదులుతాయి, అంతే.

అంతకుముందు ఆమె గొంతు ఎలా ఉండేదో మా గల్లీలో ఎవరినడిగినా చెప్తారు. మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు బండి పోతున్నంతసేపూ జహీరాబాద్‌లో మా వైపు మనుషులు మాటలాపి నిలబడతారు. మా అమ్మ ఆపేది కాదు. బండి చప్పుడు మీదుగా ఆమె తిట్టు మూడో ఇంటికి చేరేది. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. మోకాళ్ల నొప్పులొచ్చి కాలు ఊరుకుంది. నోరు మాత్రం కాలి వంతు కూడా తానే తీసుకుంది.

ఆమె పుట్టింది న్యాల్‌కల్ అవతల, కర్ణాటకకు ఆనుకున్న ఊళ్లో. ముద్దు తెలుగులో చేసేది, లెక్క ఉర్దూలో వేసేది, కోపం ముదిరితే కన్నడంలోకి దిగేది. కన్నడం మొదలైందంటే ఇంట్లో ఎవరి పని వాళ్లు వెతుక్కునేవాళ్లం. నాన్న పోయాక నేనే నా దగ్గరికి తెచ్చుకున్నాను. బిడ్డ ఇంట్లో అన్నం తింటున్నానన్న చిన్నతనం ఆమెను పీకుతుండేది. అందుకని ఇంటి పనంతా మీదేసుకుని, చేసిన ప్రతి పనికీ మమ్మల్ని తిట్టేది. తిట్టని రోజున మాకే భయం వేసేది, ఒంట్లో బాగా లేదేమో అని.

అల్లుడిని మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. మా వైపు అత్తలు అల్లుళ్లతో ఎదురుగా మాట్లాడరు. ఆయన పక్కనే కూర్చుని రొట్టె తింటున్నా నా వైపు తిరిగి, మీ ఆయనకు ఇంకో రొట్టె కావాలేమో అడుగు అనేది. ఆయన కూడా నా వైపే తిరిగి, చాలని అత్తమ్మకు చెప్పు అనేవాడు. నేను మధ్యలో తపాలా బంట్రోతులా అటూ ఇటూ చూసేదాన్ని. గొంతు పోయాక ఆ నియమం దానంతటదే పోయింది. నోటికున్న మర్యాదలు చేతులకు లేవు మరి. సైగలు వచ్చాక వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ చెప్పిన రోజున బస్సులో వస్తూ నాకు ఒకటే ఆలోచన. ఇంటికి రాగానే ఫోను తీసి ఆమె ముందు పెట్టి మాట్లాడమన్నాను. ఆమె కొంగు సర్దుకుని, కోర్టులో సాక్ష్యం చెప్పేదానిలా నిటారుగా కూర్చుని, తన పేరు, ఊరు, తండ్రి పేరు చెప్పి, అందరూ మంచిగున్రా అని అడిగి ఆపేసింది. అది మా అమ్మ గొంతు కాదు. ఎవరో పెద్దమనిషిది. మరునాటి నుంచి నేను దొంగతనంగా పట్టడం మొదలుపెట్టాను. కొంగులో, కూరగాయల బుట్టలో, పూలకుండీ వెనకాల ఫోను దాచి, ఆమె తిట్టిన తిట్టల్లా పోగుచేశాను.

అల్లం తూకం వేస్తున్న ఆమెను తిట్టింది: "నువ్వు అల్లం జోకుతున్నవా, మన్ను జోకుతున్నవా? జర దులిపి జోకు." గోడ మీది పిల్లిని తిట్టింది. వంకాయలో పురుగును తిట్టింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ అన్నం చల్లార్చుకుంటే నన్ను తిట్టింది: "పంతులమ్మవు బడిల. ఇంట్ల నా బిడ్డవే. లే, తిను." ఆపరేషన్‌కు తీసుకుపోయే పొద్దున కూడా ఫోను నా చేతి సంచిలో తిరుగుతూనే ఉంది. ఆమె నా మొహం చూసి, రోగం నీకా నాకా అని అడిగి, కిందికి పోయి ఛాయ్ తాగి రమ్మంది. నేను పోయి తాగి వచ్చేసరికి లోపలికి తీసుకుపోయారు. ఆ ఛాయ్ మాటే ఆమె నోట్లోంచి వచ్చిన చివరి మాట.

ఫోను నిండిపోతే అవన్నీ హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకున్నాను. ఆ ఫోను తర్వాత బడిలో నీళ్ల డ్రమ్ములో పడి చచ్చింది, అమ్మకు మాత్రం పోయిందని మాత్రమే చెప్పాను. కాపీ ఎందుకు పెట్టుకోలేదని ఈ కథ విన్న ప్రతివాళ్లూ అడిగారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఇంటర్నెట్లో పెట్టమని నా కూతురు కూడా చెప్పింది. మా అమ్మ తిట్లు తీసుకుపోయి ఎవరిదో తెలియని కంప్యూటర్లో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అవి నావి.

దవాఖాన నుంచి వచ్చాక కొన్నాళ్లు ఇల్లు ఇల్లులా లేదు. పిలవాలంటే చప్పట్లు కొట్టేది. చదువు రాదు కాబట్టి పలకా బలపమూ పనికిరాలేదు. గొంతుకు ఆనించి మాట్లాడే చిన్న యంత్రం ఒకటి డాక్టర్ చూపించాడు. అందులోంచి వచ్చిన మోత వినగానే ఆమె దాన్ని తిరిగి అతని చేతిలో పెట్టేసింది. నాకూ నచ్చలేదు. వైండింగ్ కాలిపోయే ముందు మోటారు మూలిగినట్టు ఉంది.

అప్పుడు ఒక సాయంత్రం హార్డ్‌డిస్కు తగిలించి అల్లం తిట్టు వినిపించాను. ఆమె ముందు ఉలిక్కిపడింది. తర్వాత భుజాలు ఊగేలా నవ్వింది, చప్పుడు లేకుండా. ఇదంతా ఎప్పుడు పట్టావని చేత్తో అడిగి నా నెత్తి మీద మొట్టికాయ వేసింది. ఆ రోజు నుంచి అది మా ఇంటి అలవాటైంది. సాయంత్రం పొయ్యి దగ్గర పని అయ్యాక కంప్యూటర్ ముందు పీట వేసుకుని చెవి దగ్గర చెయ్యి పెట్టేది. పెట్టు అని అర్థం. తన తిట్లు తానే వింటూ, బాగా కుదిరిన చోట తల ఊపేది. కుదరని చోట మొహం చిట్లించేది, ఇంకో మాట పడాల్సింది అన్నట్టు.

పట్నంలో కంప్యూటర్లు చదువుతున్న నా కూతురు ఒకరోజు ఫోన్ చేసి, అమ్మమ్మ గొంతు తిరిగి తేవచ్చు అంది. పాత మాటలు వినిపిస్తే ఫోను ఆ గొంతు నేర్చుకుంటుందట. బొమ్మలు పెడతానంది. గ్లాసు బొమ్మ నొక్కితే ఫోను అమ్మమ్మ గొంతుతోనే నీళ్లడుగుతుంది. నా బొమ్మ నొక్కితే అమ్మమ్మ గొంతుతోనే నన్ను పిలుస్తుంది. తిట్లకు కూడా ఒక బొమ్మ ఉంటుంది. నేను నమ్మలేదు. వాళ్ల కాలేజీలో ఎవరి గొంతుతోనో చేసింది వినిపించాక నమ్మాను. దసరా అయ్యాక సెలవు చూసుకుని వచ్చి ఫైళ్లు తీసుకుపోతానంది.

ఇదంతా నేనే అమ్మకు చెప్పాను. హార్డ్‌డిస్కు ఆమె చేతిలో పెట్టి, వేలితో చూపించి మరీ చెప్పాను. "నీ గొంతు దీంట్ల ఉందమ్మా. నీ మనుమరాలొచ్చి దీంట్లకెల్లి తీసి మళ్ల నీకిస్తది." ఆమె దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. తిప్పి చూసింది. బరువు చూసింది. కళ్లకద్దుకుని నాకు ఇచ్చింది.

ఇక దసరా పొద్దున ఆమె దాన్ని ఎలా వదులుతుంది?

మా ఆయనది మోటార్ వైండింగ్ దుకాణం. చుట్టుపక్కల ఊళ్ల బోరు మోటార్లు కాలిపోయినా, బురదలో కూరుకుపోయినా ఆయన దగ్గరికే వస్తాయి. ఎలాంటి మోటారు వచ్చినా ఆయన మొదట చేసే పని దాన్ని కడగడం. తర్వాత ఎండబెట్టి, రేకు డబ్బాలో బల్బులు వెలిగించి ఆ వేడికి చెమ్మంతా పోయేదాకా ఉంచుతాడు. బావిలో మునిగి బయటపడ్డ మోటార్లు మా వాకిట్లో ఎండి, మళ్లీ తిరగడం మా అమ్మ ఏళ్లుగా చూస్తోంది. కరెంటు వస్తువుకు నీళ్లు తగిలితే చస్తుందని ఆమెకు ఎవరు చెప్పాలి? ఆమె చూసిందంతా తడిసి బతికినవే.

ఆ పొద్దున ఆయన దుకాణంలో పెద్ద మిషన్లు కడుక్కుంటున్నాడు. ఇంట్లోవి అమ్మ వంతు. కత్తిపీట, సుత్తి, కత్తెర, కుట్టుమిషను, అన్నింటికీ తలంటి పోసినట్టు పోస్తుంది. బజారుకు పోతూ నేను ఒకే మాట చెప్పాను, కంప్యూటర్ మీద చుక్క నీళ్లు పడొద్దని. ఆమె ఆ మాట జవదాటలేదు. కంప్యూటర్‌ను పొడిబట్టతో తుడిచి, వేలి కొసతో చిన్న బొట్టు పెట్టింది. హార్డ్‌డిస్కు సంగతి నేను చెప్పలేదు. అందుకని దానికి అన్నింటికన్నా ఘనంగా చేసింది. పాలు దానికొక్కదానికే పోసింది.

పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోకూడదు. అది కూడా ఆమె నియమమే. ఆ సాయంత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టలేదు. రాత్రంతా ఆ డబ్బా పసుపు నీళ్లు కడుపులో పెట్టుకుని పీట మీద ఉంది.

మరునాడు కొబ్బరికాయ కొట్టి అన్నీ తీశాం. సాయంత్రం అమ్మ పీట వేసుకుని కూర్చుంది. నేను తీగ తగిలించాను. లోపల టక్ టక్‌మని చప్పుడొచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. తీగ పెట్టే బెజ్జంలో పసుపు కనిపించింది. గోటితో గీకితే తడిగా ఉంది. దీని మీద నీళ్లు పడ్డాయా అని అమ్మను అడిగాను. ఆమె సంబరంగా, చేతులతో అంతా చేసి చూపించింది. చెంబు ఇలా వంచాను, ఇలా రుద్దాను, పాలు ఇలా పోశాను, చీర ముక్కతో ఇలా తుడిచాను. తన మెడ కింది రంధ్రంలోకి చుక్క నీరు పోకుండా టవలు చుట్టుకుని స్నానం చేసే మనిషి. ఈ డబ్బాకు కూడా బెజ్జం ఉందని ఆమెకు తోచలేదు.

నాకు కోపం వస్తే అరుస్తాను. అమ్మ పోలికే. ఆ రోజు నేను అరవలేదు. తీగ పీకి, డబ్బాను కొంగులో చుట్టుకుని, ఏం కాలేదమ్మా, జర తడిసింది అన్నాను. నా నోట్లోంచి అంత మెత్తటి మాట వచ్చేసరికి ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

మా ఆయన దాన్ని దుకాణానికి తీసుకుపోయాడు. ఆయనకు తెలిసింది ఆయన చేశాడు. మరలు విప్పి, మూత తీసి, లోపలి పళ్లెం మీది పసుపు మరక మెత్తటి బట్టతో అద్ది, బల్బుల డబ్బాలో పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ తర్వాత పట్నంలో, పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు తీసే అతని దగ్గరికి బస్సులో పట్టుకుపోతే, అతను భూతద్దంతో చూసి, మూత తీసి పళ్లెం తుడిచినప్పుడే దీని పని అయిపోయిందన్నాడట. తీయకుండా తడితడిగానే తెచ్చి ఉంటే ఏమో, అదీ చెప్పలేను అన్నాడట. డబ్బాను ప్లాస్టిక్ కవరులో వేసి వెనక్కి ఇచ్చాడు. మా ఆయన ఫోన్లో ఇదంతా చెప్తున్నప్పుడు నేను బడిలో ఉన్నాను. సరే, భోజనం చేసి రండి అని పెట్టేసి, తరువాతి గంటకు క్లాసులోకి పోయి ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి నేరుగా అమ్మ ముందు కూర్చున్నాడు. డబ్బా తెరిచి పాడుచేసింది తనేనని, అత్తమ్మ చేతుల వల్ల ఏమీ కాలేదని, పట్నం అతను కూడా అదే అన్నాడని చెప్పాడు. అందులో సగం నిజమే. అమ్మ ఆయన మాటలన్నీ విన్నది. ఆయన చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. తర్వాత తన వేలితో తన రొమ్మును పొడిచి చూపించింది, నేనే అని. ఆయన లేచి, కాళ్లు కడుక్కునే వంకతో బయటికి పోయాడు.

అప్పటి నుంచి నేను అమ్మతో ఎంత మర్యాదగా ఉన్నానో చెప్తే మీరు నమ్మరు. కోపం లేదని చెప్పను. గొంతుదాకా ఉంది. కానీ మాట లేని ముసలిదాన్ని ఏమని అంటాను? అంటే ఎదురు తిట్టే గొంతు లేదు కదా. ఆ పందెం నాకు న్యాయంగా అనిపించలేదు. అందుకని చుట్టానికి వడ్డించినట్టు వడ్డించాను. ఇంకొంచెం పప్పు వెయ్యనా అమ్మా, పడుకుంటావా అమ్మా, ఫ్యాన్ వెయ్యనా అమ్మా. రేడియో పెట్టడం మానేశాం. మా ఆయన, నేను కూడా మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. సాయంత్రం ఆమె పీట తీసేది కాదు. పొయ్యి దగ్గర పని అయ్యాక గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేది. నేను చూడకుండా ఆ పక్కనుంచి పోయేదాన్ని. నాకు ఆమె మొహం చూడాలంటేనే కష్టంగా ఉండేది. చూస్తే, ఆ పెదాల వెనకాల ఉండాల్సిన గొంతు చెవిలో పట్టుకుందామని ప్రయత్నించేదాన్ని. ఒకరోజు వచ్చేది, ఒకరోజు రాకపోయేది. వచ్చినా అది నిజంగా ఆమెదేనా, నేను కల్పించుకున్నదా తెలిసేది కాదు.

అప్పుడు ఆమె విచిత్రమైన పనులు మొదలుపెట్టింది. నేను దిద్దాల్సిన పేపర్ల మీద ఎండుమిర్చి ఆరబోసింది. నల్లా విప్పి వదిలేసి నిద్రపోయింది. గిన్నెడు పాలు గోడ మీది పిల్లికి పోసింది, అదీ నా కళ్లముందు, నా వైపే చూస్తూ. వయసు మీద పడి మతి తప్పుతోందేమోనని భయపడ్డాను. పేపర్లు దులుపుకుని, నల్లా కట్టేసి, పిల్లి తాగిన గిన్నె కడిగి, పర్లేదమ్మా అన్నాను ప్రతిసారీ. ఒకసారి జొన్నరొట్టె కావాలనే మాడ్చింది. బొగ్గులాంటి రొట్టెను నా కంచంలో వేసి నా ఎదురుగా కూర్చుంది. నేను తిన్నాను. ఆమె మొహం ముడుచుకుపోయింది. లేచి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

నా కూతురు ఒక ఆదివారం వచ్చింది. అమ్మమ్మ గొంతు లేకపోయినా మాట ఉండాలని, బొమ్మలన్నీ పెట్టిన ఫోను తెచ్చింది. అందులో ముందు నుంచే ఉన్న గొంతట, ఎవరిదో. అమ్మ గ్లాసు బొమ్మ నొక్కింది. "దయచేసి నాకు మంచినీళ్లు ఇవ్వండి" అంది ఫోను, వార్తలు చదివినట్టు. అమ్మ ఇంట్లోకి ఎవరైనా వచ్చారేమోనని గుమ్మం వైపు చూసింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే అమ్మాయి, అంతే శుభ్రంగా. మా అమ్మ జన్మలో ఎవరినీ దయచేసి అని అడగలేదు. పిల్ల మనసు నొప్పించకూడదని నవ్వింది, మనవరాలి నెత్తి నిమిరింది, మెటికలు విరిచింది. పిల్ల వాళ్ల నాన్న దుకాణానికి పోగానే ఫోను బోర్లించి కిటికీలో పెట్టేసింది.

తర్వాత చప్పట్లు కొట్టింది. నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఏం కావాలమ్మా అని అడిగాను. ఆమె అరచేత్తో నేలను గట్టిగా చరిచింది. పెదాలు ఏదో అన్నాయి. నాకు అందలేదు. నీళ్లా అన్నాను. మందా అన్నాను. ఆమె నన్ను కిందికి లాగి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పిల్లలకు మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టు నా దవడలు వేళ్లతో పట్టుకుంది. మరో చేత్తో తన రొమ్ము మీద కొట్టుకుంది. ఈసారి పెదాలు నెమ్మదిగా, విడివిడిగా కదిలాయి.

తిట్టు.

ఎందుకమ్మా, ఏమైందిప్పుడు, అన్నాను. ఆమె నా దవడ వదల్లేదు. మళ్లీ అదే మాట. కళ్లల్లో నీళ్లు లేవు. పంతం ఉంది. పేపర్ల మీద మిరపకాయలు, మాడిన రొట్టె, పిల్లికి పాలు, అన్నీ ఎందుకు చేసిందో అప్పుడు అర్థమైంది నాకు. అర్థమవగానే ఇన్నాళ్లూ పళ్ల కింద పట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది.

"ఏమని తిట్టాలె నిన్ను? దేవునికి వోసినట్టు పాలు వోస్తరా దానికి? నన్నొక్క మాట అడగరాదా? బజారుకే వోయిన గద, సచ్చిపోలే గద నేను. ఎంత కష్టపడి పట్టిన్నో నీకెరుకనా? ఫోన్ కొంగుల వెట్టుకొని దొంగ లెక్క నీ ఎంబడి తిరిగిన. గదొక్కటే దాసుకున్న. నువ్వు వోయినంక నాకేముంటదమ్మా? నీ గొంతు ఒక్కటన్న ఉంటదనుకున్న. గది కూడ లేకుంటే నేనెట్ల బతకాలె?"

అరిచాను. గల్లీకి వినబడే ఉంటుంది. నువ్వు పోయాక అన్న మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. ప్రతిసారీ అమ్మను దవాఖాన పరీక్షలకు పట్నం తీసుకుపోయి వచ్చే దారిలో ఆ మాట నా నాలుక మీదే ఉండేది, మింగేదాన్ని. ఇప్పుడు ఆమె మొహం మీదే అనేశాను. అన్నాక ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

అమ్మ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగి, నా మొహాన్ని తన వైపు తిప్పుకుని, పెదాలు కదిపింది. ఈసారి మొదటిసారికే అందింది నాకు.

"నేనింక సావలేదే."

అప్పుడు చూశాను నేను ఇంటిని. ఆగిపోయిన రేడియో, మెల్లటి మాటలు, ఎవరినీ ఏమీ అనకుండా వడ్డించుకుని తినడం, ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం. నాన్న పోయినప్పుడు మా ఇల్లు అచ్చం ఇలాగే ఉండింది. ఒక డబ్బా కోసం నేను మైలపట్టాను, ఆ డబ్బాలోని మనిషి గోడకు ఆనుకుని కూర్చుని అదంతా చూస్తుండగానే. తను పోయాక ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు రోజూ చూపించాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె నా జవాబు కోసం చూస్తోంది. ఎరుకైందమ్మా, అన్నాను. ఆమె తృప్తిగా తల ఊపి, నా దవడ మీద మెల్లగా తట్టి, మోకాళ్లు పట్టుకుంటూ లేచి లోపలికి పోయింది. నేను అబద్ధం చెప్పాను. ఆమె బతికే ఉందని నాకు తెలుసు, పక్క గదిలో గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా నాకు ఆ గొంతు కావాలి.